సుద్దపొడి

కువాబారా గారూ,
ఇవాళ మళ్ళీ ఒక మెత్తటి క్లోమం నా చేతికొచ్చింది.
టోఫూలా ఉందంటాం ఇక్కడ మేం,
సూది గుచ్చితే నిలవదు,
దారం బిగిస్తే దారం తెగదు,
అదే తెగుతుంది.

బయట అకితాలో ఫిబ్రవరి. కిటికీలు సగం దాకా మంచు.
బల్ల మీద ఇగరాషి హత్సుయె గారు,
యాభై ఎనిమిదేళ్ళు, మంచు తోసే బండి నడుపుతుంది.
మత్తు ఇవ్వబోతుంటే ఒక్కటే అడిగింది:
"ఈ వారమంతా మా రోడ్డు ఎవరు తీస్తారు?"

గడ్డ ఉన్న కొస బయటికొచ్చేసింది.
అది సులువైన సగం.
మిగిలింది కోసిన అంచు.

నెత్తురు కారితే ఎరుపు చెబుతుంది,
పిత్తం కారితే పసుపు చెబుతుంది,
ఈ రసానికి చెప్పుకోడానికి రంగు లేదు.
కడిగిన నీళ్ళలో కడిగిన నీళ్ళలాగే కూర్చుంటుంది.
నీరు పల్లమెరుగు,
ఇది మాంసమెరుగు.
అన్నం అరిగించమని పెట్టుకున్నది
దారి తప్పితే ఇంటి గోడలే అరిగిస్తుంది.

మీ చాపల కింద నీరు చేరితే
కంటికన్నా ముందు ముక్కుకు తెలుస్తుందని మీరన్నారు.
దీనికి వాసనా లేదు.

పదకొండేళ్ళయింది.
దేవదారు పీపాలు కట్టే మీరు
ఆపరేషన్ ముందురోజు మంచం మీద బాసింపట్టు వేసుకుని
నాకు పాఠం చెప్పారు.
"పీపా నింపి రాత్రంతా వదిలేస్తాం డాక్టర్ గారూ.
పొద్దున బయటంతా సుద్దపొడి అద్దుతాం.
పొడి ఎక్కడ నల్లబడితే అక్కడ కారుతున్నట్టు.
మరి మీరేం అద్దుతారు?"
"నా కళ్ళు" అన్నాను.
నవ్వాను కూడా.

ఆరో రోజు గొట్టంలో టీ రంగు నీళ్ళు.
ఏడో రోజు తెల్లవారుజామున మూడింటికి
చెంచాడు నెత్తురు,
ఎవరో మెల్లగా తలుపు తట్టినట్టు.
నేను మెట్లెక్కి వచ్చేసరికి
అది చెంచాడు కాదు.

మీ ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.
"ఎక్కడ కారింది?" అని మాత్రం అడిగింది.
నాకు తెలియదు.
ఇప్పటికీ తెలియదు.

ఇవాళ నా దగ్గర సుద్ద ఉంది, కువాబారా గారూ.
వేలెడంత వడపోత కాగితం, దాని మీద మందు చుక్కలు.
ఆ రసం ఏ పంటితో మాంసాన్ని కొరుకుతుందో
ఆ పంటికే వేసిన ఎర.
కొరికితే వెలుగుతుంది.

కాగితాన్ని అంచుకు అద్ది తీసి దీపాలార్పమన్నాను.
నర్సు ముతో నీలి దీపం పట్టుకుంది.
ఒక నిమిషం. రెండు.
మానిటర్ చప్పుడు, ఎవరిదో గొంతు సవరింపు.
కాగితం నల్లగానే ఉంది.
నల్లగానే ఉండమని కోరుకున్నానో
వెలగమని కోరుకున్నానో
ఇప్పుడడిగితే చెప్పలేను.

నాలుగో నిమిషంలో
ఎడమ పక్క, రెండు కుట్ల నడుమ,
ఆవగింజంత పచ్చ.

"చూశారా?" అన్నాను.
గదిలో అందరూ తమతోనే అనుకుని తలలూపారు.

అక్కడొక కుట్టు.
ముడి వేసేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దని
కుర్ర డాక్టర్లకు ఏళ్ళ తరబడి చెబుతున్నాను.
బిగబట్టాను.
మళ్ళీ కాగితం, మళ్ళీ చీకటి.
ఈసారి చీకటి చీకటిగానే ఉండిపోయింది.

ఇది గెలుపని మీకు చెప్పను.
వెలగనిదల్లా కారనిది కాదు,
రేపు ఆమెకు దగ్గొస్తే ఆ మెత్తదనం ఏమంటుందో.
మూడో రోజు గొట్టంలో నీళ్ళు ల్యాబుకెళ్తాయి,
ఒక అంకె తిరిగొస్తుంది.
ఆ కాగితాన్ని నేనెప్పుడూ బోర్లించే అందుకుంటాను.

మీరిచ్చిన బుల్లి పీపా ఇన్నాళ్ళూ నా లాకర్లోనే ఉంది.
వాడక ఎండి, పలకలు ఎడమయ్యాయి.
ఎండిన చెక్క మొదట కారుతుంది,
తడి తాగాక తనే మూసుకుంటుంది,
అది కూడా మీ పాఠమే.
ఈ రాత్రి బల్ల మీద పెట్టి నింపాను.
అన్ని వైపుల నుంచీ కారుతోంది.
కింద తువ్వాలు పరిచి
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

వీధిలో ఎవరో
హత్సుయె గారి బండి నడుపుతున్నారు.